ఒకటో నంబరు మంచం

ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటున్న మనిషికి మీలో ఎవరైనా కడసారి చూపు ఏర్పాటు చేశారా? నేను చేశాను. అనంతపురం నుంచి పదకొండు మందిని అద్దె జీపులో రప్పించి మరీ చేశాను. అదీ నోటికొచ్చినట్టు కాదు, సైన్సు ప్రకారం, రెండు దశాంశ స్థానాల దాకా లెక్కగట్టి. నవ్వండి, నేనేమీ అనుకోను. నవ్వడం అయ్యాక కాస్త జాలి మిగిలితే మాత్రం నా మీద ఖర్చు పెట్టకండి. ఆ ఇంటి ఇల్లాలికి అట్టిపెట్టండి.

అప్పట్లో నేను తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. వయసు ఇరవై ఆరు, పొగరు అరవై రెండు. నా పరిశోధన ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను, భయపడకండి. ఐసీయూలో చేరిన రోగి నాడి, బీపీ, ఆక్సిజన్, వయసు లాంటివన్నీ కంప్యూటర్‌కి ఇస్తే, ఈ మనిషి గండం గట్టెక్కుతాడా లేదా అని అది ముందే చెప్పాలి. పాత రోగుల కేసు షీట్లు చూపించి దానికి నేర్పాలి. తర్వాత, అది ఎప్పుడూ చూడని రోగుల్ని ఇచ్చి పరీక్ష పెట్టాలి. దీన్నే మోడల్ అంటారు. నా మోడల్ ఇంకా ఒక్క పరీక్ష కూడా సరిగ్గా రాయకముందే దానికి 'సంజీవి' అని పేరు పెట్టేశాను. ఆలు లేదు చూలు లేదు, మోడల్ పేరు సంజీవి. మా ల్యాబ్‌లో మిగతావాళ్లు మాత్రం దాన్ని చిత్రగుప్తుడు అని పిలిచేవారు. కుళ్లు అనుకున్నాను.

తార్నాక చౌరస్తాకి దగ్గర్లోనే ఉన్న ఒక ఆసుపత్రివాళ్లు, పేర్లు బయటపెట్టకూడదనే షరతు మీద, పాత కేసు షీట్లు చూసుకోమన్నారు. ఎనిమిది మంచాల చిన్న ఐసీయూ అది. మూడు నెలలపాటు అక్కడే ఒక మూల స్టూలు వేసుకుని అంకెలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ప్రతి షీటు మీద కుడివైపు మూలన మంచం నంబరు కూడా ఉండేది. దాన్నీ ఎక్కించాను. ఎందుకయ్యా అంటే, మా అమ్మ పెంపకం. తణుకులో మా ఇంట్లో ఖాళీ నెయ్యి డబ్బా పారెయ్యరు, చీరల పెట్టె పారెయ్యరు, పెట్టెకి కట్టిన దారం కూడా చుట్టి దాస్తారు. చేతిలో ఉన్నది వదిలెయ్యడం అంటే మా వంశానికి ప్రాణం మీదకి వస్తుంది.

ఆ ఐసీయూ హెడ్ నర్సు సిస్టర్ యాదమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోనే ఉన్న మనిషి. నేను ఎక్కిస్తుంటే వెనక నిలబడి చూసేది.

"ఏంది మేడమ్, బెడ్ నంబర్ గూడ రాస్తున్నరు? గదెందుకు?"

"అది డేటా సిస్టర్. చెప్పినా మీకు అర్థం కాదులెండి."

"అట్లనా. సరే తియ్," అని వెళ్లిపోయింది.

ఆ మూడు మాటల దగ్గర ఆగి నేను నోరు మూసుకుని చెవులు తెరిచి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఇప్పటికీ నేనన్న మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సరే. సంజీవి పరీక్ష రాసింది. మామూలుగా రాయలేదండీ, దుమ్ము లేపింది. ఎవరికి విషమిస్తుందో, ఎవరు గట్టెక్కుతారో వేలు పెట్టి చూపించినట్టు చెప్పేస్తోంది. నేను గాల్లో తేలుతూ మా గైడ్ సారు గదికి వెళ్లాను. ఆయన కాగితం చూసి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఏమ్మా, ఇంత బాగా వచ్చిందేంటి?"

"థాంక్స్ సార్."

"మెచ్చుకోలేదమ్మా, భయపడుతున్నాను. రోజూ ఫెయిలయ్యే కుర్రాడికి ఒక్కసారే నూటికి నూరు వస్తే ముందు జేబులు వెతకాలి. వేరే ఆసుపత్రి రోగులతో పరీక్ష పెట్టావా?"

"ఇదే ఆసుపత్రిలో తర్వాత చేరినవాళ్లతో పెట్టాను సార్."

"అంటే ఒకే నూతిలో రెండు బిందెలు ముంచి, రెండింట్లోనూ నీళ్లు ఒకేలా ఉన్నాయని మురిసిపోతున్నావన్నమాట. వెళ్లి వెతుకు, ఎక్కడో తప్పుంది. అప్పటిదాకా ఐసీయూలో గుట్టుగా నడుపుకో. అది ఏం చెప్పినా డాక్టర్లకి చెప్పకూడదు, రోగి తాలూకు వాళ్లకి అసలే చెప్పకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్," అన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడు నయం. నా కుందేలుకి కాళ్లే లేవు, అయినా పరుగు పందెంలో మొదటి బహుమతి ఇచ్చేశాను.

నేను అద్దెకుండేది తార్నాకలోనే, సీతాఫల్‌మండి వైపు వెళ్లే సందులో, ఒక ఇంటి పైగదిలో. కింద ఇంటివాళ్లు సుబ్బరాయుడు అంకుల్, లక్ష్మీదేవి ఆంటీ. అనంతపురం వైపు వాళ్లు, ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. పిల్లల్లేరు. వాళ్లిద్దరికీ ప్రపంచం అంటే పొద్దున్నుంచి పడుకునేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే. ఉప్పు తక్కువైందని ఆయన, నాలుకే మొద్దుబారిందని ఆవిడ. పైన నాకు రేడియో అక్కర్లేకపోయేది.

అంకుల్‌కి ఒక్కటే గాయం, తమ్ముడు వెంకటరాముడు. పదకొండేళ్ల కిందట ఆ తమ్ముడి కూతురి పెళ్లి శుభలేఖలో ఆహ్వానించేవాళ్ల వరసలో అన్నగారి పేరు లేదు. అచ్చులో జారిపోయిందో, ఇంకేమైందో. అంకుల్ పెళ్లికి వెళ్లలేదు. "ఒక్క మాట వచ్చి చెప్పింటే పోయేవాన్ని గదా పాపా, వాడు గడప తొక్కలా," అని నాతో ఎన్నిసార్లు అన్నారో. అలా అన్నప్పుడల్లా ఆంటీ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆవిడకి బాధ కాబోలు అనుకునేదాన్ని. మనుషుల్ని చదవడంలో కూడా నేను సంజీవికి అక్కనే.

సంజీవి గురించి ఇంట్లో గొప్పలు చెప్పానా? అడగడం కూడానా! చెప్పాను, హబ్సిగూడ టిఫిన్ సెంటర్ ఇడ్లీలు తెచ్చిపెట్టి మరీ చెప్పాను. "మనిషి బతుకుతాడో లేదో ముందే చెప్పేస్తుంది ఆంటీ," అన్నాను. ఆవిడ ముక్కున వేలేసుకుని, "మా ఊరి సంద్రప్ప చెప్పే జోస్యం మాదిరా?" అంది. "జోస్యం కాదు ఆంటీ, సైన్సు!" అని కోప్పడ్డాను కూడా.

ఒక సోమవారం పొద్దున అంకుల్‌కి ఆయాసం. నాలుగు రోజుల జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆటోలో వేసుకుని అదే ఆసుపత్రికి పరిగెత్తాం. ముక్కుమీద ఆక్సిజన్ మాస్కు పెట్టి ఐసీయూలో చేర్చుకున్నారు. మధ్యాహ్నం డ్యూటీ డాక్టరు బయటికొచ్చి, "మందులు బాగా పనిచేస్తున్నాయమ్మా, ఒకట్రెండు రోజుల్లో లేచి కూర్చుంటారు," అన్నాడు. అంతకంటే తెలుగులో ఇంకెలా చెప్పాలి?

కానీ నా చేతిలో సంజీవి ఉంది. అంకుల్ అంకెలన్నీ దానికి ఇచ్చాను. తెర ఎర్రబడింది. మళ్లీ ఇచ్చాను. మళ్లీ ఎర్రబడింది. ఈ మనిషి దక్కడు అని నేను చేసిన యంత్రమే నాకు చెబుతోంది. ఎదురుగా బెంచీ మీద ఆంటీ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నా మొహమే చూస్తోంది.

"పాపా, డాక్టరు బాగైతాడంటాండాడు. నీ మిషను ఏమంటాంది?"

"ఏం లేదు ఆంటీ."

"ఏం లేకుంటే నీ మొగం ఎందుకు అట్లయింది? నిజం చెప్పు. నా మీద ఒట్టు."

సారు మాట గుర్తుంది. గుట్టు అన్న మాట గుర్తుంది. అయినా ఆవిడని చీకట్లో ఉంచడం పాపమని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి ఇప్పుడు ఒప్పుకుంటాను: నా మోడల్ డాక్టరు కంటే ముందు కనిపెట్టిందన్న గర్వం, ఆ ఏడుపులోనే ఒక మూల కూర్చుని ఉంది. నోరు తెరిచి, ఈ దేశంలో ప్రతి ఆసుపత్రి వరండాకీ తెలిసిన ఆ ఒక్క ముక్క అనేశాను.

"పిలవాల్సిన వాళ్లుంటే పిలవండి ఆంటీ."

ఆవిడ ఏడవలేదు. ఫోన్ తీసి, ఒక నంబరు వెతికి, "వెంకటరాముడూ, నేను మీ వదినను," అంది.

సాయంత్రం చూడనిచ్చే వేళకి ఆవిడ లోపలికి వెళ్లింది. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. ఆవిడ భర్త చెవి దగ్గర వంగి ఏదో చాలాసేపు చెప్పింది. అంకుల్ మాస్కులోంచి ఏమీ అనలేరు కదా, కళ్లు మాత్రం ఇంతింత చేశారు. ఆవిడ ఇంకా చెప్పింది. ఆయన ఇంకా పెద్దవి చేశారు. మానిటర్లు మోగాయి. సిస్టర్ యాదమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఏం చెప్పినవమ్మా పెద్దమనిషికి? గుండె గుర్రమోలె ఉరుకుతున్నది! నడువ్, బయటికి నడువ్!"

నేనేం చేశానంటారా? ఆ పెరిగిన నాడిని తీసుకెళ్లి సంజీవికి ఇచ్చాను. ఇంకా ఎర్రబడింది. "చూశావా, నేను చెప్పలా!" అన్నట్టుంది. నేను కూడా కళ్లు తుడుచుకుంటూ, శభాష్ అన్నాను.

మంగళవారం పొద్దున పదింటికి జీపు దిగింది. నేనూ ఆంటీ తెల్లారినప్పటి నుంచీ వాళ్ల కోసం గేటు దగ్గరే కాసుకుని ఉన్నాం. పదకొండు మంది. ముందు వెంకటరాముడు, చెప్పుల్లేకుండా. ఎక్కడో తొందరలో మర్చిపోయాడట. వెనక ఒక పెద్దాయన సంచిలో కొత్త పంచె. ఇంకొకాయన ఫోన్లో పురోహితుడి నంబరు. చిట్టెమ్మ అనే పెద్దావిడ మెట్ల దగ్గరే, "ఎంత పని చేస్తివి నాయనా!" అని రాగం ఎత్తుకుంది. ఆ రాగంతోనే అందరూ ఐసీయూ తలుపు తోసుకుని ఒకటో నంబరు మంచం దాకా వెళ్లారు. అక్కడ ఎవరో కొత్త రోగి. ఆయన ఈ పదకొండు మందినీ చూసి దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు.

"మీ పెద్దాయన ఈడ లేడు," అంది సిస్టర్ యాదమ్మ.

చిట్టెమ్మ రాగం ఆకాశానికంటింది.

"అయ్యో, ఏడుస్తరేందమ్మా! మంచిగైండు. పొద్దుగాల్నే వార్డుకు పంపినం. రెండో అంతస్తు, పోన్రి!"

రెండో అంతస్తులో అంకుల్ మంచం మీద బాసింపట్టు వేసుకుని ఇడ్లీ తింటున్నారు. కారప్పొడి లేదని ఆయాకి చెబుతున్నారు. తలుపు దగ్గర గుమిగూడిన ఏడుపు మొహాలు చూసి, చేతిలో ముక్క అలాగే పట్టుకుని, కంగారుగా అడిగారు.

"ఎవురు పోయినారు?"

కొత్త పంచె సంచి మెల్లగా వీపు వెనక్కి వెళ్లింది. చిట్టెమ్మ రాగాన్ని మధ్యలో ఆపలేక దగ్గుగా మార్చింది. వెంకటరాముడు మాత్రం పరిగెత్తి అన్న పాదాల మీద పడ్డాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి మెడ ఒకరు కావలించుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. సాంబారు కావలసినంత ఒలికింది.

ఇంతవరకూ బాగానే ఉంది కదా? నేనూ అలాగే అనుకున్నాను. తప్పు చేసినా పుణ్యం దక్కిందని లోలోపల భుజం తట్టుకుంటున్నాను. అప్పుడు అంకుల్ కళ్లు తుడుచుకుని ఆంటీ వైపు తిరిగారు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, లోపలికి రాలేదు.

"నిన్న నువ్వు చెప్పింది నిజమేనా?"

ఆవిడ తలూపింది.

నిన్న ఆవిడ చెప్పిందేమిటంటే: పదకొండేళ్ల కిందట, పెళ్లికి వారం ముందు, వెంకటరాముడు వచ్చాడు. అన్నగారి పేరు మొట్టమొదట పెట్టి మళ్లీ అచ్చు వేయించిన శుభలేఖ, పసుపు కుంకుమ, పట్టుకుని ఈ గడప దాకానే వచ్చాడు. అంకుల్ బజారుకి వెళ్లారు. భర్తకి జరిగిన అవమానానికి ఆవిడ భర్త కంటే ఎక్కువ మండిపోతోంది. "ఆయన నీ మొగం సూడనన్నాడు, పో," అని గేటు దగ్గర్నుంచే పంపేసింది. శుభలేఖ పట్టుచీరల అడుగున దాచేసింది. నాలుగు రోజులకి కోపం చల్లారింది, కానీ అప్పటికి చెప్పే ధైర్యం లేదు. రోజు గడిచినకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. పోయేవాడు తమ్ముడి మీద కోపంతో పోకూడదని, ఆఖరి నిమిషంలో చెవిలో చెప్పేసింది. పోతాడని చెప్పిందెవరు? నేను.

ఆయన పోలేదు. విని, బతికి, ఇంటికొచ్చారు. వచ్చినరోజు నుంచి ఆవిడతో మాట్లాడటం మానేశారు.

జీపు దిగిన ఆ మంగళవారం సాయంత్రమే సిస్టర్ యాదమ్మ దగ్గరికి వెళ్లాను. "సిస్టర్, మా అంకుల్‌కి అంత సీరియస్సేమీ కాదు కదా, నా కంప్యూటర్ ఎందుకలా చెప్పిందో అర్థం కావట్లేదు."

"ఏ బెడ్ మీదుండెనో యాదున్నదా?"

"ఒకటో నంబరు."

ఆవిడ నన్ను కాసేపు జాలిగా చూసింది. "గా బెడ్ నా టేబుల్‌కు ఎదురుంగ ఉన్నది మేడమ్. ఎవర్ని జూస్తె నాకు భయమైతదో వాళ్లను ఆడ పండవెడ్త. కండ్లముందల ఉంటరని. బాగున్నోళ్లను ఎనిమిదో నంబర్‌కు, గా మూలకు పంపిస్త. ఇరవై ఏండ్ల సంది గంతే."

"మరి అంకుల్‌ని చూస్తే భయమేసిందా?"

"లే. గా దినం అదొక్కటే ఖాళీ ఉండె."

నా సంజీవి నాడినీ ఊపిరినీ చూసీ చూడనట్టు చూసింది. యాదమ్మ భయాన్ని కాపీ కొట్టి నూటికి నూరు తెచ్చుకుంది.

"ముందే నాకెందుకు చెప్పలేదు సిస్టర్?"

"మీరు ఎప్పుడడిగిన్రు?" అంది. కోపంగా కూడా కాదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. యాదమ్మ అమ్మ కంటే మంచిది, అడగకుండానే ఒకసారి వచ్చి పెట్టబోయింది. నేనే విస్తరి మడిచేశాను.

మంచం నంబరు తీసేసి మళ్లీ నడిపితే సంజీవి మిగతా మోడళ్లలాగే చతికిలబడింది. సారు తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఎనిమిదో మంచం సంగతి ఆలోచించావా?" అని మాత్రం అడిగారు. ఆలోచించాను సార్, ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఖాళీ లేక ఆ మూలన పడుకోబెట్టిన మనిషికి నిజంగానే విషమిస్తే, నా తెర పచ్చగా నవ్వుతూ 'ఏం ఫరవాలేదు' అని ఉండేది. దాన్ని నమ్మి ఒక డాక్టరు ఇంటికి వెళ్లిపోయేవాడు కూడానేమో.

ఇక ఇల్లు. నలభై మూడు రోజులండీ. నేను లెక్కపెట్టాను, లెక్కలు నా వృత్తి కదా. అంకుల్ రోజూ సాయంత్రం తమ్ముడితో గంట ఫోన్లో మాట్లాడేవారు. ఆంటీకి ఏమైనా చెప్పాలంటే నన్ను కేకేసేవారు.

"పాపా, మీ ఆంటీకి చెప్పు, పప్పులో ఉప్పు లేదని."

నేను రెండడుగులు వేసి, "ఆంటీ, పప్పులో ఉప్పు లేదట."

"ఉప్పు తగ్గించమనింది డాక్టరని చెప్పు పాపా."

మళ్లీ రెండడుగులు. ఇద్దరూ ఒకే గదిలోనే ఉండేవారు. మొదట్లో నవ్వొచ్చేది. పది రోజులయ్యాక ఏడుపొచ్చేది. ఆవిడ చిక్కిపోయింది. ఒకరోజు మెట్ల మీద నా పక్కన కూర్చుని, "తప్పు నాదే పాపా. ఆయన కోపమూ న్యాయమే. కానీ మాకుండే రోజులు ఎన్ని, అందులో ఇవన్నీ పాయె గదా," అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంకుల్ దగ్గరికి వెళ్లి, మంచం సంగతంతా చెప్పి, తప్పంతా నాదేనని కాళ్లమీద పడ్డాను. ఆయన విని, "అంటే నేను పండుకున్న మంచాన్ని సూసి నాకు సావు రాస్తివా?" అన్నారు. నవ్వారు కూడా. కానీ ఆంటీతో మాట్లాడలేదు.

నలభై నాలుగో రోజు పొద్దున. నేను ల్యాబ్‌కి బయల్దేరి మెట్లు దిగుతున్నాను. లోపల అంకుల్‌కి దగ్గు తెర. ఆగట్లేదు. ఆంటీ కంగారుగా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. పాపం, అలవాటైన నోరు.

"పాపా! ఆయనకు మళ్లా దగ్గొస్తాంది. నీ మిషను ఏమంటాందో సూడు!"

లోపల్నుంచి గర్జన వినిపించింది.

"ఏమేవ్! మళ్లా ఆ పాపను అడిగితివంటే అనంతపురమంతా దిగుతారు! మిరియాల కషాయం పెట్టు, సాలు!"

ఆవిడ నా భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై మూడు రోజుల తర్వాత, మధ్యలో నేను లేకుండా, నేరుగా తనతో అన్న మాట అది. కొంగుతో మొహం తుడుచుకుని వంటింటి వైపు నడిచింది. వెనక్కి తిరగకుండా, "కషాయంలో బెల్లం ఎయ్యాల్నా వద్దా?" అని అడిగింది.

"ఎయ్యి. ఇంకేమన్నా దాచి పెట్టింటే అది గూడ ఇప్పుడే చెప్పు."

"ఉంటే ఈసారి నువ్వు పోయినాక చెప్తాలే," అంది ఆంటీ.

ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ బెల్లం గురించి పోట్లాడుకున్నారు. నేను ఆ రోజు ల్యాబ్‌కి ఆలస్యంగా వెళ్లాను, మెట్ల మీద కూర్చుని విన్నాను. అయినా ఆ నలభై మూడు రోజులూ నా ఖాతాలోనే ఉన్నాయి. ఆ వయసు దంపతులకి వాటిని తిరిగి ఇచ్చే మోడల్ ఎవరి దగ్గరా లేదు.

కనుక, సూర్యచంద్రుల సాక్షిగా, సిస్టర్ యాదమ్మ ఒకటో నంబరు మంచం కమ్మీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఏ గదిలో అడుగుపెట్టినా అక్కడ నాకంటే ముందునుంచి నిలబడి ఉన్న మనిషిని మొదట అడుగుతాను. అంకె ఎంత ఎర్రబడినా నోరు విప్పను. ముఖ్యంగా, "పిలవాల్సిన వాళ్లుంటే పిలవండి" అనే మాట ఈ జన్మలో మళ్లీ అనను. మొన్న మా అమ్మ ఫోన్ చేసి, "నీ పెళ్లికి ఎవరెవర్ని పిలుద్దామే?" అని అడిగినప్పుడు కూడా అనలేదు. "ముందు శుభలేఖ ఆంటీకి పంపించు, పేర్లన్నీ సరిచూసి ఇస్తుంది," అన్నాను.